చాడీ వేరు, మొర వేరు

తోటివాణ్ణి ఇబ్బంది పెట్టడానికి మన తెలుగులో మాటలకు కరువు లేదు. ఉడికించడం, ఆటపట్టించడం, వెక్కిరించడం, గేలి చేయడం, ఏడిపించడం, సతాయించడం, కాల్చుకు తినడం - ఒక్కొక్కటి ఒక్కొక్క మెట్టు. ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠం చెబుతున్న నాకు ఈ వరస చూస్తే ముచ్చటే. కాని బడిలో ఒక పిల్లవాడు రోజూ తోటివాళ్ల చేతిలో పడే యాతన సంగతి వచ్చేసరికి, వీటిలో ఏ మాటా మన నోటికి రాదు. “పిల్లలన్నాక అల్లరి ఉండదటండీ?” అనేస్తాం. అల్లరి అనే ఆ ఒక్క దుప్పటి కిందనే ఆటా పడుకుంటున్నది, హింసా పడుకుంటున్నది.

రెంటికీ తేడా తెలుసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఆటపట్టించడంలో వరస తిరుగుతుంది. ఇవాళ వాడు వీణ్ణి ఉడికిస్తే రేపు వీడు వాణ్ణి ఉడికిస్తాడు. చివరకు ఇద్దరూ నవ్వుకుంటారు. వరస తిరగకుండా, రోజూ ఒకడే ఏడుస్తూ, రోజూ వాళ్లే నవ్వుతూంటే అది ఆట కాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఏనాడో తేల్చారు. ఈ విషయాన్ని దశాబ్దాలపాటు పరిశోధించిన డాన్ ఓల్వేయస్ చెప్పిన గుర్తులు కూడా ఇవే: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదిరించలేనివాడి మీద చేయడం.

ఇది పంతులుగారి కళ్లెదుట జరగదు. కుళాయి దగ్గర, మరుగుదొడ్ల వెనక, మెట్ల మలుపులో, బడి బస్సు వెనక సీటులో, హాస్టలులో దీపాలార్పిన తరువాత జరుగుతుంది. పూర్వం సాయంత్రం గంట కొడితే ఆ పూటకు విడుదల ఉండేది. ఇప్పుడు చేతిఫోను పుణ్యమా అని అది వాట్సాప్ గుంపులో ఎక్కి ఇంట్లోకి, పడకగదిలోకి కూడా వస్తున్నది.

మరి తల్లిదండ్రులకు తెలిసేదెట్లా? పిల్లలు నోటితో చెప్పనిది వాళ్ల సంచీ చెబుతుంది. పొద్దున నింపి పంపిన మంచినీళ్ల సీసా నిండుగానే తిరిగి వస్తున్నదా? మరుగుదొడ్డి వైపు వెళ్లడానికి భయపడే పిల్ల రోజంతా నీళ్లు తాగదు. వారంలో మూడు పెన్సిళ్లు పోతున్నాయా? క్యారియరు ఖాళీగా వచ్చినా పిల్లవాడు ఆవురావురుమంటున్నాడా? ఆదివారం సాయంత్రానికి ఠంచనుగా కడుపునొప్పి వస్తున్నదా? వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. వేరే కారణాలూ ఉండవచ్చు. కాని రెండు మూడు కలిసి కనిపిస్తే కూర్చోబెట్టుకుని మెల్లగా అడగాలి.

అడిగినా చాలామంది చెప్పరు. ఎందుకంటే చెప్పవద్దని మనమే నేర్పాం. అయిదేళ్ల వయసులో “అమ్మా, వాడు నన్ను కొట్టాడే” అని వస్తే, “చాడీలు చెప్పకూడదు, తప్పు” అంటాం. పదేళ్లు వచ్చేసరికి ఆ పాఠం వాడికి కంఠతా వచ్చేస్తుంది. పన్నెండో ఏట అడిగితే “ఏం లేదు” అంటాడు.

ఇక్కడ ఒక మాటకు బదులు ఇంకొక మాట పడింది. చాడీ వేరు, మొర వేరు. చాడీ చెప్పేవాడికి అవతలివాడు దెబ్బలు తింటే చాలు. మొర పెట్టుకునేవాడికి తన దెబ్బలు ఆగితే చాలు. గజేంద్రుడు మొసలి మీద చాడీలు చెప్పాడని పోతనగారి భాగవతం చదివిన వారెవరూ అనలేదు. మొర విన్నవాడు కూడా, “ముందు నువ్వేం చేశావు? అసలు ఆ మడుగులోకి ఎందుకు దిగావు?” అని విచారణకు కూర్చోలేదు. ఉన్నపళంగా వచ్చాడు. మొర వినే పద్ధతి అది. తనకోసం కాక పక్కవాడికోసం పెట్టుకున్నా అది మొరే. ఈ తేడా ప్రతి ఇంట్లోనూ పిల్లలకు విడమరచి చెప్పాలని నా మనవి.

పక్కవాడి సంగతి ఎందుకు ఎత్తానంటే, అసలు కీలకం అక్కడే ఉన్నది. కెనడాలో టొరాంటో బడుల ఆటస్థలాల్లో పిల్లలను కెమెరాలతో గమనించి, ఆ వివరాలను 2001లో అచ్చు వేశారు. ఇట్లాంటి సంఘటనలు నూటికి 88 సార్లు తోటిపిల్లలు చూస్తూండగానే జరిగాయి. అడ్డు పడినవి మాత్రం 19 శాతమే. అయితే పిల్లలు అడ్డుపడినప్పుడు సగానికి పైగా, అంటే 57 శాతం, పది సెకన్లలోపలే ఆగిపోయాయి. పది సెకన్లు! ఒక పద్యపాదం చదివినంత సేపు.

నిండు సభలో ద్రౌపదికి అవమానం జరుగుతూంటే పెద్దలందరూ తలలు వంచుకున్నారు. ఇది అన్యాయమని లేచినవాడు కౌరవులలోనే చిన్నవాడు, వికర్ణుడు. కాని ఒంటరివాడు గనుక కర్ణుడు అతని నోరు మూయించగలిగాడు. పక్కన మరి ఇద్దరు లేచి నిలబడి ఉంటే? అందుకే పిల్లలకు “నువ్వు వెళ్లి ఎదిరించు” అని చెప్పకూడదు. వాడికీ దెబ్బలు తగలవచ్చు. “ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ఆ పిల్లవాణ్ణి ‘రారా ఆడుకుందాం’ అని పక్కకు తీసుకురండి, తరువాత మేష్టారికి చెప్పండి” అని నేర్పాలి. ఏమీ చేయలేకపోతే కనీసం నవ్వకుండా ఉండమనాలి. నవ్వేవాళ్లు లేకపోతే ఆ నాటకం రక్తి కట్టదు.

ఇదంతా ఆచరణలో సాధ్యమా అని సందేహం రావచ్చు. 1982లో నార్వేలో తోటివాళ్ల వేధింపు భరించలేక ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్త ఆ దేశాన్ని కదిలించింది. మరుసటి ఏడే ప్రభుత్వం దేశమంతటా పని మొదలుపెట్టింది. బెర్గెన్ నగరంలో దాదాపు 2,500 మంది పిల్లలతో ఓల్వేయస్ చేసిన ప్రయత్నంలో రెండేళ్లలో వేధింపు ఇంచుమించు సగానికి తగ్గింది. మంత్రాలేమీ లేవు. విరామ సమయంలో ఆవరణలో పెద్దలు తిరగడం, తరగతిలో నియమాలు పెట్టి వాటి గురించి పిల్లలతో మాట్లాడుతూండడం, రెండువైపుల తల్లిదండ్రులనూ పిలిచి చెప్పడం, అంతే. ఫిన్లాండు వాళ్లు 2006లో మొదలుపెట్టిన పద్ధతికి ‘కివా’ అని పేరు. వాళ్ల భాషలో కివా అంటే ‘బాగుంది’ అని అర్థం. అది ప్రధానంగా చూస్తూ నిలబడే పిల్లల మీదనే దృష్టి పెడుతుంది.

మన దగ్గరి ముచ్చట ఒకటి చెబుతాను. మా వీధిలోకి తండ్రి బదిలీ మీద శ్రీకాకుళం వైపునుంచి ఒక కుటుంబం వచ్చింది. ఏడో తరగతి పిల్ల. మొదటి వారంలో ఆ పిల్ల “వచ్చీసినాను” అన్నది. ఆ మాటే ఆమెకు పేరయింది. బల్ల మీద రాశారు, ఫోనులో పాట కట్టారు. ఆ పిల్ల తరగతిలో నోరెత్తడం మానేసింది, తరువాత ఇంట్లోనూ మానేసింది. పసిగట్టినది తల్లి కాదు, పక్క బల్ల పిల్ల. ఇంకో స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లి తెలుగు టీచరుగారితో చెప్పింది. ఆవిడ ఎవరినీ నిలబెట్టి తిట్టలేదు. పాట కట్టినవాళ్లను విడివిడిగా పిలిచి మాట్లాడింది. తరువాత తరగతిలో, “ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటామే, ఆ గిడుగు రామమూర్తిగారిది ఏ ఊరు?” అని అడిగింది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట. జనం మాట్లాడే తెలుగుకోసం పోరాడిన ఆ మహనీయుడిదీ ఆ ప్రాంతమేనని తెలిసి తరగతి కిక్కురుమనలేదు. రెండు వారాల తరువాత టీచరుగారు ఆ పిల్లను మళ్లీ విడిగా పిలిచి, “ఇప్పుడెట్లా ఉందమ్మా?” అని అడిగిందట. ఆ రెండో పలకరింపే చాలా బడుల్లో ఉండదు.

ఇక తల్లిదండ్రులు చేయకూడనివి. “నువ్వూ ఒకటి తగిలించు” అనవద్దు. తగిలించగలిగితే వాడు ఇంత దూరం తెచ్చుకోడు. అవతలివారి ఇంటిమీదికి తగవుకు వెళ్లవద్దు. తేదీలతో సహా జరిగింది కాగితం మీద పెట్టి బడిలో ఇవ్వండి. ఫోను లాక్కోవద్దు, లాక్కుంటారనే భయంతోనే సగంమంది పిల్లలు చెప్పరని నా అనుమానం. వచ్చిన రాతలను చెరపకుండా దాచండి. మీ పిల్లవాడే వేధించేవాడని కబురు వస్తే, “మావాడా? బంగారం!” అనకుండా ఒక్క పూట వినండి. కొట్టి మాన్పించవద్దు, బలమున్నవాడు కొట్టవచ్చుననే పాఠం మళ్లీ మీరే చెప్పినవారవుతారు.

బడివారికి కూడా ఒక మనవి. బండోడా, నత్తోడా అని పంతులు పిలిస్తే తరగతికి అది అనుమతి పత్రం అవుతుంది. పిల్లలను కొట్టరాదని, మానసికంగా వేధించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను చెబుతున్నది. కులం పేరు, ఒంటి రంగు, అవిటితనం, తండ్రి వృత్తి తరగతి గదిలో నవ్వులాటకు రాకూడదు. ఏయే చోట్లకు వెళ్లాలంటే భయమో పేర్లు రాయకుండా చీటీల మీద రాయమనండి. ఏ మూలన ఒక పెద్దమనిషి నిలబడాలో ఆ చీటీలే చెబుతాయి.

ఇంట్లోనూ బడిలోనూ వినేవారు దొరకని పిల్లలకు 1098 నంబరు ఉన్నది. డబ్బు ఖర్చు లేకుండా ఏ పిల్లయినా మాట్లాడవచ్చు. పుస్తకం అట్ట లోపలి వైపు ఆ అంకెలు రాయించండి. కాని అంతకన్నా ముందు, ఈ రాత్రి భోజనాల దగ్గర మార్కుల సంగతి కాసేపు పక్కనబెట్టి, “ఇవాళ మీ తరగతిలో ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారా?” అని అడిగి చూడండి. సమాధానం వెంటనే రాకపోవచ్చు. రేపు కూడా అడగండి.