కథను ఎక్కడ ఆపాలి?

యూదుల కిండర్‌గార్టెన్లలో వారానికో కథ నడుస్తుంది. సినగాగులో పెద్దలు ఆ వారం తమ పవిత్ర గ్రంథమైన తోరాలో ఏ భాగం చదువుతారో నాలుగేళ్ల పిల్లలకూ ఆ భాగంలోని కథే చెబుతారు. మొత్తం 54 భాగాలు, ఏడాదికి ఒక చుట్టు. సింహత్ తోరా పండుగనాడు చివరి భాగం ముగించి, ఆ రోజే మళ్లీ ఆదికాండం మొదటికి వస్తారు. శుక్రవారం పొద్దున బడిలో వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ వేడుక చిన్నపాటిది జరుగుతుంది. ఆ వారం వంతు వచ్చిన అబ్బాయి ‘షబ్బాత్ నాన్న’, అమ్మాయి ‘షబ్బాత్ అమ్మ’. బల్ల మీద జడలా అల్లి కాల్చిన హల్లా రొట్టె, ద్రాక్షరసం ఉంటాయి. దానధర్మాల కోసం పెట్టిన త్సెదాకా డబ్బా చేతులు మారుతుంటే, ఇంటి నుంచి తెచ్చుకున్న నాణేన్ని ఒక్కొక్కరూ అందులో వేస్తారు. తరవాత కథ. కథ కంచికి చేరగానే టీచరు అడిగే ప్రశ్న చాలాచోట్ల ఒకటే: దీన్నుంచి మనం ఏం నేర్చుకున్నాం? పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పేస్తారు. చెప్పరా మరి, కథ మొదలుకాకముందే ఆ జవాబు వాళ్లకు తెలుసు. ఆ ప్రశ్న పడాల్సిన చోట పడటం లేదన్నదే నా అభ్యంతరం. ఏది చెయ్యాలో, ఏది కూడదో తనంతట తాను తేల్చుకోవడం పిల్లలకు నేర్పాలంటే తోరా కథలకు మించిన సరుకు దొరకడం కష్టం. కానీ ఆ సరుకు కథ చివర లేదు. మనిషి ఎటు వెళ్లాలో తేలక నిలబడ్డ చోట, అంటే కథ మధ్యలో ఉంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలను పక్కనపెడితే, తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఈ కథలు చర్చి, సండే స్కూలు మీదుగా వచ్చినవే. అందుకే పాపం, శిక్ష, రక్షణ అన్న వరసలో అవి మనకు గుర్తుంటాయి. యూదు సంప్రదాయం అవే కథల్లో మరోచోట ఎక్కువసేపు నిలబడుతుంది. కయీను తమ్ముణ్ణి చంపాడని అందరికీ తెలుసు. చంపడానికి ముందే దేవుడు అతన్ని పలకరించిన సంగతి చాలామందికి గుర్తుండదు. తన అర్పణ అంగీకరించలేదని మొహం మాడ్చుకున్న కయీనుకు, కీడు గుమ్మం దాకా వచ్చి పొంచి ఉందని, దాన్ని అదుపు చెయ్యడం అతని చేతిలోనే ఉందని హెచ్చరిక అందింది. ఆ హెచ్చరికకూ హత్యకూ మధ్య కయీను ఏమైనా చెయ్యగలిగి ఉండేవాడు. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిదీస్ తన ధర్మ సంహితలో పశ్చాత్తాపం గురించి రాస్తూ ఒక అధ్యాయం మొత్తాన్ని మనిషికున్న ఈ ఎంపిక స్వేచ్ఛకే కేటాయించాడు. ఫలానావాడు మంచివాడవుతాడని, ఫలానావాడు దుర్మార్గుడవుతాడని ముందే రాసిపెట్టి ఉంటే ఇక ఆజ్ఞలెందుకు, శిక్షలెందుకు అన్నది ఆయన తర్కం. తలరాతకు అక్కడ చోటు లేదు. మనిషిలో మంచివైపు లాగేది ఒకటి, చెడువైపు లాగేది ఒకటి ఉంటాయని యూదు మతగురువులైన రబ్బీలు చెప్పిన సంగతి కిండర్‌గార్టెన్ పిల్లలకూ పరిచయమే. ఆ చెడువైపు లాగేది కూడా లేకపోతే మనిషి ఇల్లు కట్టడు, పెళ్లి చేసుకోడు అని రబ్బీల వ్యాఖ్యాన సంపుటి మిద్రాష్‌లో మరో ముక్క ఉంది. పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదేనంటాను. పక్కవాడి బొమ్మ లాక్కోమని లోపల నుంచి పలికే గొంతు దయ్యమేమీ కాదని తెలిసిన పిల్ల దాన్ని అణచుకోవడం మొదలుపెట్టగలదు.

నీతికథ విన్న పిల్లలు నీతిమంతులవుతారా అన్నది ఊహకు వదిలెయ్యాల్సిన ప్రశ్న కాదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కాంగ్ లీ బృందం 2014లో మూడు నుంచి ఏడేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగం ప్రచురించింది. వెనక ఉన్న బొమ్మను తిరిగి చూడొద్దని చెప్పి, పిల్లను గదిలో కాసేపు ఒంటరిగా వదిలారు. చాలామంది చూశారు. తరవాత ఒక కథ చదివి వినిపించి, చూశావా లేదా అని అడిగారు. మనం ‘నాన్నా పులి’గా చెప్పుకునే కథకు పాశ్చాత్య రూపం ఒకటి, అబద్ధమాడితే ముక్కు పెరిగే పినోకియో ఒకటి, చెర్రీ చెట్టు నరికి తండ్రి దగ్గర నిజం ఒప్పుకున్న చిన్ననాటి జార్జ్ వాషింగ్టన్ కథ ఒకటి. మొదటి రెండూ విన్న పిల్లల్లో నిజం చెప్పడం ఏమీ పెరగలేదు, మూడోది విన్నవాళ్లలోనే పెరిగింది. ఆ మూడో కథకే చేదు ముగింపు తగిలించి వినిపిస్తే ఆ ప్రభావమూ పోయింది. శిక్షను చూసి భయపడ్డ పిల్ల నోరు మూసుకుంటుంది. నిజం చెప్పి నిలబడ్డవాణ్ణి చూసిన పిల్ల నోరు విప్పుతుంది. ఈ ఫలితం అబద్ధం, నిజం వరకే పరిమితమైనదే. అయినా జలప్రళయాన్ని, సొదొమ దహనాన్ని ముందుపెట్టి మంచితనం నేర్పాలనుకునే టీచరు ఒకసారి ఆగి ఆలోచించడానికి అంతమాత్రం చాలు. 2018లో టొరంటోలోనే మరో పరిశోధన వచ్చింది. జంతువులు పాత్రలుగా ఉన్న కథ కన్నా మనుషులున్న కథ విన్నాకే పిల్లలు తమ స్టిక్కర్లను ఎక్కువగా పంచుకున్నారట. చిన్నయసూరి నీతిచంద్రిక మీద పెరిగినవాళ్లకు ఇది మింగుడుపడదు. ఒక్క ప్రయోగం చూసి పంచతంత్రాన్ని అటకెక్కించనక్కర్లేదు గానీ, తోరా కథల్లో ఉన్నది దాదాపుగా మనుషులేనన్నది వాటికి అనుకూలించే సంగతి.

రిబ్కా కథనే తీసుకుందాం. అబ్రాహాము సేవకుడు 10 ఒంటెలను వెంటబెట్టుకుని, ఆడవాళ్లు నీళ్లకు వచ్చే సాయంత్రం వేళ ఊరి బయట బావి దగ్గర ఆగుతాడు. భుజాన కుండతో రిబ్కా వస్తుంది. అతను అడిగింది తనకు గుక్కెడు నీళ్లు. ఆమె ఇచ్చింది. టీచరు ఆగాల్సింది ఇక్కడ. అడిగిన పని అయిపోయింది, రిబ్కా కుండ నింపుకుని ఇంటికి పోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఒంటెలేమో నోరు లేనివి, వాటికి నీళ్లు కావాలని ఆమెతో ఎవరూ అనలేదు. బాగా దప్పికగొన్న ఒంటె ఒక్కసారిగా 100 లీటర్ల దాకా తాగగలదు. 10 ఒంటెలంటే 1,000 లీటర్లు. కుండకు 10 లీటర్లు పడతాయనుకున్నా 100 సార్లు దిగి, ఎక్కి, పొయ్యాలి. ఈ లెక్క నాలుగేళ్ల పిల్లలకు అందదు. కానీ బడి వాకిట్లో ఒక మూల నీళ్ల తొట్టి, మరో మూల 10 బకెట్లు పెట్టి, చేతికో చిన్న గ్లాసిచ్చి ‘ఒంటెలకు నీళ్లు పట్టండి’ అంటే చేతులకే అందుతుంది. మూడో బకెట్ దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ‘ఇంక చాలు’ అనక మానరు. అదిగో, అప్పుడు అడగాలి: రిబ్కాకు కూడా చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది కదా, మరెందుకు ఆపలేదు? ఈ ప్రశ్నకు కంఠతా పట్టిన జవాబు ఉండదు. ఒకరు ఒంటెలు ఏడుస్తున్నాయంటారు, ఒకరు వాళ్లమ్మ తిడుతుందంటారు. ఏం చెప్పినా పరవాలేదు. దయ అంటే చెయ్యి నొప్పి పుట్టే పనేనని వాళ్లకు తెలిసింది.

రిబ్కా కథకు పూర్తిగా వేరే రకం, యోసేపు అన్న యూదా కథ. కిండర్‌గార్టెన్లలో దీనికి అన్యాయం జరుగుతోందని నాకనిపిస్తుంది. యోసేపు కథ వచ్చే వారాల్లో గోడల నిండా రంగు కాగితాలు అంటించిన అంగీలు వేలాడతాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ అంగీలో తేల్చుకోవాల్సిందేమీ లేదు. తమ్ముడు యోసేపును అమ్మేద్దామన్న మాట యూదా నోట వచ్చింది. బేరం 20 వెండి నాణేలకు తెగింది. ఏళ్లు గడిచాక ఐగుప్తులో అన్నదమ్ములకు అలాంటి పరిస్థితే మళ్లీ ఎదురవుతుంది. తండ్రికి ముద్దుబిడ్డ అయిన మరో తమ్ముడు బెన్యామీను బానిసగా మిగలబోతున్నాడు, మిగతావాళ్లు చేతులు దులుపుకుని పోవచ్చు. ఈసారి యూదా ముందుకొచ్చి, తమ్ముడి బదులు తనను ఉంచుకొమ్మంటాడు. అదే సందర్భం, అదే తప్పు చేసే వీలు మళ్లీ వచ్చినప్పుడు చెయ్యకుండా ఉండటమే నిండైన పశ్చాత్తాపమని మైమోనిదీస్ నిర్వచించాడు. యూదా కథ దానికి తు.చ. తప్పని ఉదాహరణ. నాలుగేళ్ల పిల్లలు మనుషుల్ని మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండు బుట్టల్లో వేసేస్తారు. పొద్దున పక్కపిల్లను కొరికి తిట్లు తిన్న పిల్లవాడు తనను తాను ఏ బుట్టలో వేసుకుంటాడో వేరే చెప్పాలా? తప్పు చేసినవాడికి ఇంకో సందర్భం వస్తుందని, అప్పుడు వేరేగా చెయ్యొచ్చని అతనికి చెప్పే కథ ఇది.

ఇదంతా పైపై మెరుగు, అసలు నేర్పేది విధేయతే కదా అని అడిగేవాళ్లున్నారు. దేవుడు ఆజ్ఞాపించాడు, మనిషి పాటించాడు, ఇందులో తేల్చుకోవడం ఎక్కడుంది? బలమైన అభ్యంతరమే. కానీ ఆ గ్రంథమంతా తల ఊపేవాళ్లతో నిండి లేదు. మగబిడ్డలు పుడితే చంపెయ్యమని ఫరో ఆజ్ఞాపిస్తే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు వినలేదు. సొదొమను కాపాడమని అబ్రాహాము 50 మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి 10 మంది దాకా దేవుడితోనే బేరమాడాడు. తండ్రి ఆస్తిలో తమకు వాటా ఎందుకు లేదని సెలోపెహాదు ఐదుగురు కూతుళ్లు మోషేను అందరి ఎదుట నిలదీస్తే చట్టమే మారింది. అబ్రాహాము తన కొడుకును బలివ్వబోయిన కథ మాత్రం వేరు. దాన్ని నాలుగేళ్ల పిల్లలకు ఏ రూపంలోనూ చెప్పకూడదని నా అభిప్రాయం. తండ్రి చేతిలో కత్తి చూసిన పిల్ల ఆలోచించేది విశ్వాసం గురించి కాదు, తన తండ్రి గురించి. సంప్రదాయంలో ఉంది కనుక చెప్పి తీరాలంటే, ఒకప్పుడు పిల్లలకు చదువు బలుల నియమాలుండే లేవీయకాండంతో మొదలుపెట్టడం కూడా సంప్రదాయమే. రిషోన్ లెజియోన్‌లో మొదటి హిబ్రూ కిండర్‌గార్టెన్ 1898లో పుట్టింది. పసిపిల్లలకు ఏది, ఎలా చెప్పాలన్నది అప్పటినుంచీ మారుతూనే ఉంది, ఇకముందూ మారవచ్చు.

రెండో అభ్యంతరానికి పరిశోధన దన్ను ఉంది. మత కథలు విని పెరిగిన పిల్లలు, అద్భుతాలున్న కల్పిత కథల్లోని మనుషుల్ని కూడా నిజంగా ఉన్నవాళ్లే అనుకోవడం మిగతా పిల్లల్లో కన్నా ఎక్కువని 2015లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. కాదనను. అయితే నేను చెబుతున్న చోట్లలో అద్భుతాలు లేవు. బావి దగ్గర నీళ్లు తోడటంలో గానీ, తమ్ముడి బదులు నిలబడటంలో గానీ ప్రకృతి నియమమేదీ తప్పలేదు. పైగా అద్భుతం ఉన్నచోట మనిషి నిర్ణయం లోపించిందని రబ్బీలకే అనిపించినట్టుంది. సముద్రం చీలిన కథలో తోరా చెప్పని సంగతి ఒకటి రబ్బీల చర్చల గ్రంథం తాల్ముద్‌లో ఉంది. అందరూ ఒడ్డున తటపటాయిస్తుంటే నయస్సోను అనేవాడు ముందుగా నీళ్లలోకి దిగాడట, మునిగిపోయే లోతుకు వెళ్లాడట. కిండర్‌గార్టెన్లలో ఈ కథ మహా ఇష్టంగా చెబుతారు. సముద్రం చీలడం పిల్లలు చెయ్యగలిగింది కాదు. ముందడుగు వెయ్యడం చెయ్యగలిగిందే.

ఇలాంటి చదువు తమవాళ్ల వరకే మంచితనం నేర్పుతుందన్న విమర్శ మరొకటి. మతస్థుల పిల్లలు పంచుకోవడంలో వెనకబడి ఉంటారని 2015లో పత్రికలన్నీ మోసిన అధ్యయనాన్ని, దేశాల వివరాలను లెక్కలోకి తీసుకోవడంలో పొరపాటు బయటపడి 2019లో ఉపసంహరించారు. అంతమాత్రాన దానికి వ్యతిరేకమే నిజమని రుజువైపోలేదు. ఏ కథను ఎంచుకుంటామన్న దాన్ని బట్టే ఉంటుంది. రిబ్కా నీళ్లిచ్చింది ముక్కూమొహం తెలియని బాటసారికి. నదిలో తేలుతున్న పసి మోషేను ఎత్తుకున్నది ఐగుప్తు రాకుమారి, అది కూడా కన్నతండ్రి ఆజ్ఞను కాదని. బయటివాళ్లు మంచిని ఎంచుకున్న ఈ కథ ప్రతి ఏటా చుట్టులో వస్తుంది. తొట్టిలో పాపాయి బొమ్మ తేలించడంతో సరిపెట్టకుండా, నీళ్లలో పసివాడున్న బుట్ట కనబడగానే రాకుమారి దగ్గర కథ ఆపితే చాలు.

ఇక ఆచరణలో అడ్డొచ్చేది మతమూ కాదు, మనస్తత్వశాస్త్రమూ కాదు. నీతి ఏమిటని అడిగితే గదిలోని పిల్లలంతా ఒకేసారి అరిచి ఊరుకుంటారు. ఏం చెయ్యొచ్చని అడిగితే ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు ఉంటుంది, టీచరు వినాలి, నత్తి నత్తిగా చెప్పేవాడి కోసం ఆగాలి. ఒక ఉపాధ్యాయుడికి 25 మంది పిల్లలు, 40 మంది అయితే ఒక సహాయకుడు, 50 మంది అయితే ఇద్దరు ఉపాధ్యాయులు అని తాల్ముద్ ఎన్నో శతాబ్దాల కిందటే లెక్క కట్టింది. అదీ చదవడం నేర్చుకునే వయసు పిల్లల విషయంలో. ఇజ్రాయెల్ ప్రభుత్వ కిండర్‌గార్టెన్లలో అంతకన్నా చిన్నపిల్లలు ఒక్కో గదిలో 35 మంది దాకా ఉంటారు. ఏ కథ చెప్పాలన్న చర్చ ఒక్కటే చాలదు. గదికి ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు అన్నది ఆ చర్చలోకే రావాలి.