చైనొక్కటే మారిస్తే సరిపోద్దా?

బండి చైన్ వదులైపోతే నరసన్నపేటలో మనం మెకానిక్‌తో అనే మొదటి మాట: "చైనొక్కటే ఎయ్యన్నా, స్ప్రాకెట్లు బాగానే ఉన్నాయి కదా!" ఇంజనీరింగ్ చదివేవాళ్లం కూడా ఇదే మాటంటే ఎలా?

లెక్క చూద్దాం. మన మామూలు బళ్లకు ఎక్కువగా వచ్చేది 428 చైన్. పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మి.మీ. అంటే 20 లింకులు కలిపి 254 మి.మీ. ఉండాలి. పిన్నులు, బుష్‌లు అరిగి అది 259 దాకా వచ్చిందంటే రెండు శాతం సాగినట్టే. సాగిన చైన్‌తో తిరిగిన స్ప్రాకెట్ పళ్లూ దానికి తగ్గట్టే అరిగిపోతాయి. వాటి మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా పాడవుద్ది. అందుకే మూడూ ఒకేసారి మార్చాలి.

కాలు కింద పెట్టకుండా రాళ్లెక్కే ట్రయల్స్ బళ్ల వీడియోలు చూసి ముందు స్ప్రాకెట్ పళ్లు తగ్గించాలనుకునేవాళ్లూ ఉన్నారు. 15 పళ్లది తీసి 14 పళ్లది వేస్తే లాగే బలం సుమారు 7 శాతం పెరుగుతుంది. అదే ఆర్‌పీఎం దగ్గర వేగం దాదాపు అంతే తగ్గుతుంది. రోజూ 16వ నంబరు హైవే మీద శ్రీకాకుళం వెళ్లొచ్చేవాడికి అదెందుకు?

మడ్‌గార్డ్, సైడ్ ప్యానెల్ లోకల్‌వి వేసుకోండి, పర్లేదు. బ్రేక్ షూ, చైన్, టైరు దగ్గర మాత్రం బేరం వద్దు. ముందు లారీ ఆగినప్పుడు మన బండి ఆగకపోతే, మిగుల్చుకున్న వంద రూపాయలు దేనికి పనికొస్తాయి?