చాంతాడంత వాయిదాలు, చేజారుతున్న పిల్లలు

కొండవీటి చాంతాడు అని మనం మాటవరసకు అంటుంటాం. ఆ కొండవీడులోనే, కోట కింద ఊళ్లో, ఒక తల్లి తన కోర్టు కేసు గురించి చెప్తూ అదే మాట వాడింది. నాకు నవ్వు రాలేదు.

ఆమెకు పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద విడాకులిప్పించారు. మంచం, బీరువా, బిందెలు లెక్కపెట్టి తిరిగిచ్చారు. నాలుగేళ్ల పాపను మాత్రం "తండ్రి వంశం" అని అక్కడే ఉంచేశారు. ఇప్పుడా పిల్లకు పదకొండేళ్లు. బడి గేటు దగ్గరకు వెళ్తే తండ్రి రాసిచ్చిన పేర్లలో నీ పేరు లేదన్నారు. "నా కూతురు నన్ను 'ఎవరండీ మీరు' అంది మేడమ్. అండీ అంది!"

అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెప్తోంది. ఆ పంచాయితీలో ఈ ముక్క ఎవరూ ఎత్తలేదు. అయితే అదే చట్టం, అదే ఆరో సెక్షనులో, సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాతే తల్లి అంటుంది. 'తర్వాత' అంటే చనిపోయిన తర్వాత అని కాదు, అతను బాధ్యత వహించని సందర్భంలో కూడా అని చెప్పించుకోవడానికి గీతా హరిహరన్ 1999 దాకా సుప్రీంకోర్టులో పోరాడవలసి వచ్చింది. మాటకు అర్థం మారిందే గాని మాట మారలేదు. తల్లిదండ్రులిద్దరికీ సమాన స్థానమివ్వమని లా కమిషన్ 2015లో సిఫారసు చేసినా ఆ సెక్షను అలాగే ఉంది.

ఇక 'విడిపోయిన తల్లిదండ్రుల హక్కు' అనగానే నగరాల్లో గొంతెత్తుతున్నది ఎక్కువగా తండ్రుల సంఘాలే. భార్యను కొట్టినవాడికి కూడా ఆదివారం ఆదివారం బిడ్డను అప్పగించాలా? అక్కర్లేదు. బిడ్డకు హాని అనుకుంటే ఆ కలయికను నిరాకరించే అధికారం 2005 గృహహింస చట్టం మెజిస్ట్రేటుకిచ్చింది. పిల్లలు ఒకరి దగ్గరున్నా రెండోవారి ప్రేమ వాళ్లకు అందాలని 2020లో సుప్రీంకోర్టు అన్నది కూడా పిల్లల హక్కుగానే.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. మనోవర్తి, కట్నం సామాన్లు రాబట్టగానే కేసు గెలిచామనుకుని ఫైలు మూసేస్తున్నాం. పిల్లల సంగతి తర్వాత చూద్దామంటాం. ఆ 'తర్వాత'లోనే బిడ్డ తల్లి మొహం మర్చిపోతోంది. అప్పుడు కోర్టు పిల్లనే పిలిచి ఎవరి దగ్గరుంటావని అడుగుతుంది. ఏళ్ల తరబడి "మీ అమ్మ నిన్నొదిలేసి పోయింది" అని విన్న పిల్ల ఏం చెప్తుంది? దాన్ని పిల్ల ఇష్టమంటారు.

బిడ్డను వదులుకున్నట్టు పెద్దమనుషులు సంతకం చేయించుకున్న కాగితం కోర్టును కట్టడి చేయదు. పిల్ల క్షేమమే కొలమానం. పిల్ల ఉంటున్న ప్రాంతపు జిల్లా కోర్టులో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషను వేయొచ్చు. తుది తీర్పు దాకా ఆగకుండా, పిల్లను హాజరుపరచమని మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలునివ్వాలి. ఈ తల్లి మాత్రం తన వకీలుకు గాజులమ్మి ఫీజు కట్టింది. మధ్యంతర పిటిషను సంగతి ఆయన ఇప్పటిదాకా ఆమెకు చెప్పనేలేదు.