‘ఏ కాలేజీ బేటా?’

ఈద్ నమాజు ముగిసి ఆలింగనాలు చేసుకునే వేళ మన కొండాపురం వైపు పల్లెల్లో ఈ ప్రశ్న తప్పకుండా వినబడుతుంది: “ఏ కాలేజీ బేటా?” హైదరాబాదులో పేరున్న విశ్వవిద్యాలయం చెప్పిన కుర్రవాడికి మరోసారి ముసాఫహా దొరుకుతుంది. కావలిలోనో ఉదయగిరిలోనో డిగ్రీ చదువుతున్నానన్నవాడికి “సరే, బాగా చదువుకో” అన్న పొడిమాట మిగులుతుంది. అడిగేది పెద్దలమైన మనమే. ఏం చదువుతున్నావు, అర్థమవుతోందా అని అడిగేవారు అరుదు.

పేరున్న విద్యాలయాలకు పిల్లల్ని పంపవద్దని మేము అనడం లేదు. తప్పక పంపాలి. దూదేకుల సోదరులు మొదటినుంచీ బి.సి.-బి జాబితాలో ఉన్నారు. 2007లో ముస్లింలలోని మరికొన్ని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా తోడయ్యాక, బడి ముఖం చూడని ఇళ్లనుంచి సైతం పిల్లలు పెద్ద చదువులకు వెళ్లారు. అల్‌హందులిల్లాహ్.

అయితే సీటు వచ్చాక హాస్టల్లో మరో పరీక్ష ఉంటుంది. ఇంగ్లీషు తడబడితే నవ్వేవారుంటారు, చెప్పులు చూసి అంచనా కట్టేవారుంటారు. ఇది మన పిల్లలు ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి ఉంది. నెల్లూరు యాసలో తెలుగు తప్ప మరో భాష రాని దూదేకుల బిడ్డను, ఉర్దూ ధారాళంగా మాట్లాడే తోటి ముస్లిం విద్యార్థే ‘నువ్వేం ముస్లింవి’ అన్నట్టు చూడటం. భుజం కలిపి నమాజు చేసినవారు భోజనాల దగ్గర వేరు కూర్చుంటారు. పిల్లవాడు త్వరలోనే దాచడం నేర్చుకుంటాడు. ఊరడిగితే కొండాపురం అనడు, నెల్లూరంటాడు. పరుపులు కుట్టే తండ్రి ‘బిజినెస్’ చేస్తున్నట్టు చెబుతాడు. ఆ అబద్ధం విన్న తండ్రి మనసు ఏమవుతుందో వేరే చెప్పాలా?

భాషను బట్టి వచ్చే ఈ పెద్దరికం ఎన్నాళ్లుంటుందో ఉస్మానియా చరిత్ర చూస్తే తెలుస్తుంది. అది 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలై, దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన విశ్వవిద్యాలయంగా కీర్తి పొందింది. అక్కడ చదవాలంటే తెలుగు విద్యార్థికి ఉర్దూ నేర్వక తప్పలేదు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఈసారి బిక్కుబిక్కుమంటూ నిలబడినవాడు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవాడు.

మదీనాలో దైవప్రవక్త (స) మస్జిదుకు ఆనుకొని సుఫ్ఫా అనే చోటు ఉండేది. ఇల్లూ వాకిలీ లేని పేద సహచరులు అక్కడే ఉండి ధర్మవిద్య నేర్చుకున్నారు. యమన్ నుంచి వచ్చిన హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. ఇతరులు వ్యాపారాల్లో, తోటల పనుల్లో ఉంటే ఆయన ఆకలితో పడివుండి ప్రవక్త (స) మాటలు కంఠస్థం చేశారు. ఐదు వేలకు పైగా హదీసు ఉల్లేఖనాలు ఆయన ద్వారానే మనకు అందాయి. ఆయన తండ్రి ఏం చేసేవాడని ఏ ముహద్దిసూ ఆరా తీయలేదు.

హైదరాబాదులో, నెల్లూరులో చదువుతున్న మన సీనియర్ విద్యార్థులకు ఒక విన్నపం. కొత్తగా చేరిన పల్లె పిల్లవాణ్ణి జుమాకు వెంట తీసుకెళ్తున్నారు, సంతోషం. తిరిగి వచ్చాక భోజనానికి కూడా మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. అతనికి ఉర్దూ రాకపోతే ఆ పూటకు మీరే తెలుగులో మాట్లాడండి. తండ్రులారా, వీలు చూసుకుని ఒకసారి హాస్టలుకు వెళ్లి రండి. పరుపుల పని గురించి పిల్లవాడి స్నేహితులకు మీరే చెప్పండి.