ఒక్క తలుపు కోసం ఊరి తలుపులన్నీ తీయుదురా?

అరకు లోయలో ఒకానొక కార్యాలయంలో నేను కళ్లారా చూచిన సంగతి ఇది. రాత్రంతా కరెంటు లేదు. ఉదయం కంప్యూటరు తెరిచేసరికి దాని గడియారం 2009 జనవరి 1 దగ్గర నిలిచి ఉన్నది. లోపలి బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిందట. మైదానంలోని సర్వరుతో కనెక్షను కుదరలేదు. ఎట్లు కుదురును? సర్వరు చూపే సర్టిఫికెట్టుకు ఆరంభదినం, అంత్యదినం రెండూ ఉంటాయి. 2009లో కూర్చున్న యంత్రానికి అది ఇంకా పుట్టని పత్రం.

వేలిముద్రలు వేయడానికి కొండ దిగి వచ్చిన జనం వాకిట కూర్చున్నారు. అంతట పట్నం నుండి ఒక చిరంజీవి ఫోనులో ఉపదేశం చేసినాడు: “ఆ చెకింగు తీసేయండి సార్.” సెట్టింగుల ఫైలులో ఒక్క మాట మార్చినారు. పని నడిచినది. అందరూ సంతోషించినారు. నాకు మాత్రం ఒళ్లు మండినది.

అతడు తీయించినది ఆ ఒక్క కనెక్షనుకు కాదు. ఆ క్లయింటు ప్రోగ్రాము ఏయే సర్వర్లతో మాట్లాడునో అన్నిటికీ కలిపి తీయించినాడు. “సమాచారం రహస్య లిపిలోనే పోతుంది కదా” అని వాదించేవారున్నారు. పోతుంది, కాదనను. అవతల ఉన్నది ఎవరో తెలియకుండా చెవిలో చెప్పిన మాట రహస్యమగునా? దారిలో మాటువేసినవాడు తన సొంత సర్టిఫికెట్టు చూపినా ఈ యంత్రం దయచేయండి అంటుంది.

వ్యాకరణం చదువుకున్నవారికి ఉత్సర్గాపవాదాల తేడా తెలియును. అపవాదం తన లక్ష్యం వరకే. ఒక పదానికి సంధి రాలేదని సంధి పరిచ్ఛేదమే చించివేయుదుమా? ప్రోగ్రాములు వ్రాసేవారికి ఈ వివేకం చూపే దారి లేకపోలేదు. జావాలో పేరు తనిఖీ నియమాన్ని ఒక్క కనెక్షనుకు అమర్చవచ్చు, అన్నిటికీ డిఫాల్టుగానూ అమర్చవచ్చు. డాట్‌నెట్‌లో ఒక్కొక్క హెచ్‌టీటీపీ విన్నపానికి విడిగా సర్టిఫికెట్టు పరీక్ష పెట్టే వీలు 2012లో 4.5 వెర్షనుతో వచ్చినది. ఆ సంవత్సరమే టెక్సస్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పెద్ద పెద్ద కంపెనీల ప్రోగ్రాములలో సైతం ఈ తనిఖీ చెడి ఉన్నదని చూపినారు. కనుక ఇది మన్యానికే పట్టిన జాడ్యం కాదు. “మారుమూల కదా, ఎవరు వస్తారు?” అనే మాట మాత్రం మన్యానికే దక్కినది.

ఎవరు వస్తారా? ఈ కొండలకు ఎవరు ఏ కాగితం పట్టుకొని వచ్చినారన్నది చిన్న ప్రశ్న కాదు. 1970 నాటి 1వ నిబంధన ఏజెన్సీలో గిరిజనేతరుల పేర భూబదిలీని నిషేధించినది. అనంతగిరి మండలపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, 1997లో, ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తించునని సుప్రీంకోర్టు చెప్పినది. అంతటి చరిత్ర గల చోట, అవతలివాడెవడో అడగవద్దని యంత్రానికి నేర్పుదురా?

చేయవలసినది ఏమంత? గడియారం దిద్దాలి. ఏ సర్వరైనా తన సర్టిఫికెట్టు మీద తానే సంతకం చేసుకున్నదైతే, ఆ పత్రాన్ని నమ్మకమైన దారిలో తెప్పించి, దాని వేలిముద్ర సరిపోల్చి, ఆ ఒక్క కనెక్షనుకే నమ్మమని చెప్పాలి. అవును, సర్టిఫికెట్టుకూ వేలిముద్ర ఉంటుంది. చేను దున్ని అరిగిన ముసలివాని బొటనవేలిని పదిమార్లు తుడిపించి పరీక్షించే యంత్రం, సర్వరు వేలిముద్రను ఒక్కమారు చూడదట!

తరువాత నెలలో వెళ్లినాను. బ్యాటరీ మార్చినారు, గడియారం సరిగానే ఉన్నది. ఆ చెకింగు మళ్లీ పెట్టినారా అని అడిగినాను.

“పని నడుస్తోంది కదా మాస్టారూ” అన్నారు.