శాండ్‌విచ్‌ కోసం వెళ్లి...

1976 మార్చి 18. తెల్లవారుజాము. అర్జెంటీనా రాజధాని బ్యూనస్‌ ఎయిర్స్‌లో ఓ హోటల్‌. కచేరీల కోసం బ్రెజిల్‌ నుంచి వచ్చిన బృందంలోని పియానిస్టు గదిలో ఓ చీటీ రాసిపెట్టాడు. శాండ్‌విచ్‌ తిని, మందులు కొనుక్కుని త్వరగా వచ్చేస్తానన్నది అందులోని కబురు. కిందికి దిగాడు. మళ్లీ రాలేదు.

అతని పేరు టెనోరియో జూనియర్‌. వయసు ముప్పై నాలుగైదేళ్లు. రియో డి జనీరోలో ఇంటి దగ్గర భార్య, నలుగురు పిల్లలు. ఆమె అప్పుడు మళ్లీ నిండు గర్భిణి. అతనేమైపోయాడో తెలియడానికి నలభై తొమ్మిదేళ్లు పట్టింది!

ఇన్నేళ్లూ టెనోరియో పేరు ఎక్కడ రాసినా 'మాయమైన పియానిస్టు' అనే రాశారు. మాయం కాకముందు ఏం వాయించాడన్నది వెనక్కి పోయింది. ముందు ఆ సంగతి చెప్పుకుందాం.

బోసా నోవా అంటే చాలామందికి 'ద గర్ల్‌ ఫ్రమ్‌ ఇపనేమా' పాటే. పేరు తెలియకపోయినా ఏ స్టార్‌ హోటల్‌ లాంజ్‌లోనో మీరు వినే ఉంటారు. గిటారు మెత్తగా మీటుతూ, గుసగుసలాడినట్టు పాడటం దాని తీరు. టెనోరియోదీ ఆ కుదురే కానీ అతని దగ్గర గుసగుసలు తక్కువ. కోపకబానాలో ఒక ఇరుకు సందు, అందులో బుల్లి బుల్లి నైట్‌క్లబ్బులు. అర్ధరాత్రి దాటినా ఆగని గోలకి నిద్రపట్టక పై అంతస్తుల వాళ్లు కిందికి సీసాలు విసిరేవారట. దాంతో దాని పేరే 'సీసాల సందు' అయింది. అక్కడి కుర్రాళ్లు బోసా నోవాకి అమెరికన్‌ జాజ్‌ కలిపి, సాంబా దరువు మీద పరుగులు పెట్టించారు. వైద్యవిద్య చదువుతూనే టెనోరియో ఆ క్లబ్బుల్లో పియానో వాయించేవాడు.

1964 అతని సంవత్సరం. డ్రమ్మర్‌ ఎడిసన్‌ మచాడో రికార్డులో వాయించాడు. 'ఓస్‌ కోబ్రాస్‌' అనే బృందం రికార్డులోనూ వాయించాడు. అదే ఏడాది సొంత పేరుతో ఎల్‌పీ తెచ్చాడు. పేరు 'ఎంబాలో'. డ్రమ్స్‌ మీద మిల్టన్‌ బనానా, శాక్సోఫోన్‌తో పాలో మౌరా. అప్పటి బ్రెజిల్‌ జాజ్‌లో హేమాహేమీలంతా ఇరవై మూడేళ్ల కుర్రాడి వెనక నిలబడ్డారు. మొత్తం పదకొండు ట్రాక్‌లు. వాటిలో ఒకదాని పేరు చూసి నేను కాసేపు ఆగిపోయాను. 'సమాధి'. యోగంలో చెప్పే సమాధే అతని మనసులో ఉండి ఉంటుంది. తెలుగువాడికి మాత్రం రెండో అర్థం తోచక మానదు.

సొంత పేరుతో అతనికి అదే మొదటి ఆల్బమ్‌, అదే ఆఖరిది కూడా. సందులో తోటివాడు సెర్జియో మెండిస్‌ అమెరికా వెళ్లి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. టెనోరియో రియోలోనే ఉండి, గాయకుల వెనక కూర్చుని వాయించాడు. 'ఎంబాలో'లో అతను వాయించిన 'కన్సొలసావ్‌' పాట రాసినవారిలో కవి వినీసియస్‌ డి మొరాయెస్‌ ఒకరు. పన్నెండేళ్ల తర్వాత అదే కవి బృందంతో బ్యూనస్‌ ఎయిర్స్‌ వెళ్లాడు.

వినీసియస్‌ పోలీసు స్టేషన్లు, ఆస్పత్రులు, రాయబార కార్యాలయం... అన్నీ తిరిగాడు. ఫలితం లేదు. మార్చి 24న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ నియంతృత్వంలో మాయమైనవాళ్లు 30 వేల మంది అని మానవ హక్కుల సంఘాల లెక్క. టెనోరియోకి రాజకీయాలతో సంబంధమే లేదంటారు స్నేహితులు. పొడవాటి జుట్టూ గడ్డమూ చూసి ఎవరో విప్లవకారుడనుకున్నారట!

1986లో అర్జెంటీనా నౌకాదళ మాజీ ఉద్యోగి ఒకడు బ్రెజిల్‌ పత్రికకు ఓ కథ చెప్పాడు. టెనోరియోని నౌకాదళ శిక్షణ పాఠశాలలో బంధించి, రోజుల తరబడి హింసించి, 25న కాల్చేశారని. జనం ఏళ్ల తరబడి అదే నమ్మారు. 2023లో స్పెయిన్‌ దర్శకులు ట్రుయేబా, మారిస్కాల్‌ 'దే షాట్‌ ద పియానో ప్లేయర్‌' పేరుతో అతని మీద యానిమేషన్‌ సినిమా కూడా తీశారు.

ఆ కథ 2025 సెప్టెంబరులో తలకిందులైంది. 1976 మార్చి 20న, అంటే అతను హోటల్‌ దిగిన రెండు రోజులకే, నగరం శివార్లలోని ఖాళీ స్థలంలో తూటాలు దిగిన శవం దొరికింది. పోలీసులు వేలిముద్రలు తీసి, గుర్తు తెలియని శవమని బెనావిదెస్‌ శ్మశానంలో పూడ్చేశారు. ఆ వేలిముద్రల్ని అర్జెంటీనా ఫోరెన్సిక్‌ ఆంత్రొపాలజీ బృందం పోల్చి చూస్తే... టెనోరియోవే. సైన్యం గద్దెనెక్కడానికి నాలుగు రోజుల ముందే అతను చనిపోయాడు. రోజుల తరబడి హింస, 25న తూటా అన్న కథ ఈ తేదీకి అతకదు.

పియానిస్టుని వేళ్లే పట్టిచ్చాయి. ఆ ముద్రలు తీసింది మాత్రం 1976లోనే! కాగితం కాగితం పక్కన పెట్టి చూడటానికి ఇన్నేళ్లు. ఈలోగా వినీసియస్‌ 1980లోనే పోయాడు. పుట్టబోయే బిడ్డగా తండ్రి వదిలి వెళ్లిన ఐదో సంతానానికి యాభై ఏళ్లు దగ్గర పడ్డాయి.

'ఎంబాలో' తర్వాత సీడీగానూ వచ్చింది. దొరికితే, అతను స్వయంగా కట్టిన 'నెబులోజా'తో మొదలుపెట్టండి. చావు కథ కాసేపు పక్కన పెట్టి, ఎడమచేయి ఏం చేస్తోందో వినండి.