జెండాలో మన రంగు ఏది?

ఆగస్టు మాసం రాగానే పిల్లలు కాగితపు జెండాలతో ఇంటికి వస్తారు. వారిలో ఎవరో ఒకరు, ‘అమ్మీ, ఇందులో ఆకుపచ్చ మనదే కదా?’ అని అడుగుతారు. ‘అవును బేటా’ అని మనలో చాలామందిమి ఊరుకుంటాము. ఆ జవాబులో ప్రేమ ఉంది. కాని మూడు రంగుల పతాకంలో ఒక్కటే మనదని బిడ్డకు నేర్పితే, తక్కిన రెండూ మనవి కావని మనమే ఒప్పుకున్నట్లవుతుంది.

ఈ భావన ఎక్కడ పుట్టిందో తెలుసుకుందాం. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు, మన కృష్ణా తీరవాసి పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనాను అందించారు. అందులో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తులు, మీద రాట్నం. ఇతర మతస్థుల కొరకు గాంధీజీ తెలుపును చేర్పించారు. కనుక ‘ఆకుపచ్చ మనది’ అనే మాట ఒకనాడు నిజమే.

అయితే ఆ పంపకం నిలువలేదు. తమకూ ఒక రంగు కావాలని సిక్కులు కోరారు. వారి కోరికలో అన్యాయం లేదు. లోపం పంపకంలోనే ఉంది. సమాజానికొక రంగు చొప్పున ఇస్తూ పోతే ఏ వస్త్రం సరిపోతుంది? 1931లో కాంగ్రెస్ ఏడుగురితో ఒక ఉపసంఘాన్ని నియమించింది. మౌలానా అబుల్ కలాం ఆజాద్, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య అందులో సభ్యులు. ఉపసంఘం ఏకవర్ణ కాషాయ పతాకాన్ని సూచించగా, కాంగ్రెస్ దానిని అంగీకరించలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చలను స్వీకరించి, వాటికి మతపరమైన అర్థం లేదని స్పష్టం చేసింది. కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు శాంతిసత్యాలకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యాలకు చిహ్నాలని ప్రకటించింది.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ పతాక తీర్మానాన్ని ప్రతిపాదించారు. రాట్నం రెండు వైపుల నుండి ఒకేలా కనిపించదు కనుక, దాని స్థానంలో అశోకుని ధర్మచక్రం వచ్చింది. ముస్లిం లీగు సభ్యులైన చౌధురీ ఖలీఖుజ్జమాన్, సయ్యద్ సాదుల్లా కూడా ఆ తీర్మానాన్ని బలపరిచారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మాట్లాడుతూ, కాషాయాన్ని వైరాగ్యానికి, తెలుపును సత్యమార్గానికి, ఆకుపచ్చను నేలతోనూ పచ్చని మొక్కలతోనూ మనకున్న అనుబంధానికి గుర్తులుగా వివరించారు.

సోదర సోదరీమణులారా! త్యాగం మనది కాదా? సత్యం మనది కాదా? మనం సజ్దా చేసే ఈ నేల మనది కాదా? రంగులను పంచుకున్న దశను దాటి, విలువలను పంచుకునే దశకు చేరడానికి మన పెద్దలకు ఇరవై ఆరేళ్లు పట్టింది. వారు మనకు అప్పగించిన అమానత్ అది. ఈసారి బిడ్డ అడిగితే, ‘మూడూ మనవే బేటా, మూడూ అందరివే’ అని చెబుదాం. చెప్పిన మాటకు మన నడవడి సాక్ష్యంగా నిలవాలని దుఆ చేద్దాం.